ససన్‌దిరి: కోయెల్–కారో గ్రామసంఘముల చరిత్ర

మన దేశమున ఆనకట్టల చరిత్ర సాధారణముగా ఇంజనీర్ల నివేదికలనుండియు ప్రభుత్వపు దస్త్రములనుండియు వ్రాయబడుచున్నది. కట్టిన ఆనకట్టకు శిలాఫలకముండును. దాని యెత్తు, పొడవు, వ్యయము, ప్రారంభించిన మంత్రి పేరు ఎచ్చటనో ఒకచోట చెక్కబడియుండును. కట్టబడని ఆనకట్టకు ఇట్టి సాక్ష్యమేదియు మిగులదు. అది కాగితముపై పుట్టి కాగితముపైననే అంతరించును. కావున అది యేల కట్టబడలేదను ప్రశ్న చరిత్రకారుల దృష్టికి అరుదుగా వచ్చును. జార్ఖండ్ రాష్ట్రమున దక్షిణకోయెల్, ఉత్తరకారో నదులపై సంకల్పింపబడిన జలవిద్యుత్ పథకము అట్టివానిలో నొకటి. 1950 తరువాతి దశకము చివర సర్వేతో మొదలైన ఈ పథకము 2003లో విడిచిపెట్టబడినది. ఈ రెండు కాలములనడుమ నదీతీరపు ఆదివాసి గ్రామములు ఏ సంస్థల నాధారము చేసికొని సంఘటితములైనవో, వాని వాదమునకు బలమెక్కడినుండి వచ్చినదో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగు శాఖవారి సంచికలో ఛోటానాగపూర్ చరిత్ర కేమి పని యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. కోయెల్ తీరమున నివసించువారిలో ఉరావులు కలరు. వారి భాషయగు కురుఖ్, మాల్తో బ్రాహుయీలతోపాటు, ద్రావిడభాషాకుటుంబమున ఉత్తరశాఖకు చెందినది. ‘నేను’ అను నర్థమున వారు పలుకు ‘ఏన్’ అను మాట మన ప్రాచీనకావ్యభాషయందలి ‘ఏను’ను స్ఫురింపజేయును. కారో తీరమున ప్రధానముగా నున్న ముండాలభాష ఆస్ట్రో–ఏషియాటిక్ కుటుంబములోనిది. భాషలు వేఱైనను, ఈ రెండు జాతులును ఖరియాలును ఒకే గ్రామవ్యవస్థను చిరకాలముగా పంచుకొనియున్నారు. మఱియు, గోదావరీతీరమున మన కోయలకును కొండరెడ్లకును సంబంధించిన ఇట్టి సమస్యయే మన యెదుట నున్నది. పోల్చిచూచుట కిది యొక అవకాశము.

మొదట ఆ గ్రామవ్యవస్థను గూర్చి కొంత చెప్పవలెను. ముండాల గ్రామము అడవిని నఱికి మొదట ఊరు నిలిపిన వంశమువారిది. ఆ హక్కునకు ఖూంట్‌కట్టి యని పేరు. భూమి వంశమునకు సమష్టిగా చెందును. రాజుగాని జమీందారుగాని దాని నిచ్చినవాడు కాడు. ఊరు నిలుపునప్పుడు అడవిలో కొంతభాగమును గొడ్డలి తాకింపక విడిచిపెట్టుదురు. సాలవృక్షములతో, అనగా గుగ్గిలపుచెట్లతో, నిండిన ఆ వనమునకు సర్నా యని పేరు. అది గ్రామదేవతల స్థానము. వసంతకాలమున సాలపుష్పములతో సర్హుల్ పండుగను ‘పాహన్’ అను పూజారి అచ్చటనే జరిపించును. లౌకికవ్యవహారములకు ‘ముండా’ యనబడు గ్రామపెద్ద కలడు. కొన్ని గ్రామములు కలిసి పఢా యను కూటమిగా నేర్పడును. ఊరితో తీరని తగవులు పఢాసభకు పోవును.

మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది ససన్‌దిరి. ముండారిభాషలో ‘ససన్’ అనగా శ్మశానవాటిక, ‘దిరి’ అనగా రాయి. ధ్వనిసామ్యమును బట్టి దీనిని మన ‘శాసన’ శబ్దముతో కలుపరాదు. మరణించిన వంశీయుల అస్థులను ఒక వెడల్పైన రాతిబల్లక్రింద నిక్షేపింతురు. తరతరముల పూర్వుల అస్థులు ఆ వంశమువారి రాళ్ళక్రిందనే చేరును. ఏ వంశమువారి రాళ్ళు ఏ ఊరిలో నున్నవో, ఆ ఊరు ఆ వంశమువారిది. ఇతరుల కది స్మారకశిల మాత్రమే; ముండాలకు భూమిపై హక్కునకు సాక్ష్యము. శరచ్చంద్ర రాయ్ 1912లో ప్రకటించిన ముండాల చరిత్రయందు ఈ రాళ్ళే వారి పట్టాలని గుర్తించెను. పందొమ్మిదవ శతాబ్దమున భూమి తగవులలో ముండాలు ఈ రాళ్ళను మోసికొని సాక్ష్యముగా చూపుటకు కలకత్తాకు పోయిరని యొక ఐతిహ్యము కూడ కలదు. అది యక్షరాల నిజమైనను కాకున్నను, ఆ ప్రజలు రాతిని పత్రముగా భావించిరనుటకు చాలినంత ప్రమాణము.

ఈ హక్కును ఆంగ్లప్రభుత్వము సులభముగా నంగీకరింపలేదు. బయటినుండి వచ్చిన జాగీర్దారులును, ఠేకాదారులును, వడ్డీవ్యాపారులును కోర్టుల సాయముతో గ్రామములను పలుచోట్ల ఆక్రమించిరి. 1899–1900లో బిర్సా ముండా నాయకత్వమున జరిగిన తిరుగుబాటును, దానిని వారు ‘ఉల్‌గులాన్’ అందురు, ప్రభుత్వము సైన్యముతో నణచెను. బిర్సా 1900 జూన్ నెలలో రాంచీ కారాగారమున మరణించెను. తిరుగుబాటు అణగినను దాని కారణములు ప్రభుత్వమునకు బోధపడినవి. 1902 మొదలుకొని రాంచీ జిల్లాయందు సర్వే సెటిల్‌మెంటు జరిగెను. 1908లో ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టము వచ్చెను. ముండారీ ఖూంట్‌కట్టి హక్కు అందు ప్రత్యేకముగా పేర్కొనబడినది. ఆ చట్టరచనలో, తరువాత ముండారీ విజ్ఞానకోశమును సంకలనము చేసిన జాన్ హాఫ్మన్ అను క్రైస్తవమతాచార్యుని కృషి కలదు. ఇట్లు రాతిపైనున్న హక్కు మొదటిసారి ప్రభుత్వకాగితమున కెక్కెను. ఈ సంగతి డెబ్బదియేండ్ల తరువాత ఎట్లు ఫలించినదో ముందు చూడగలము.

ఇక పథకస్వరూపము. దక్షిణకోయెల్ రాంచీ పీఠభూమిలో పుట్టి శంఖనదితో కలిసి బ్రాహ్మణీనదిగా మాఱును. ఉత్తరకారో దాని యుపనది. కోయెల్‌పై బసియా యొద్ద 44 మీటర్ల యెత్తున ఒకటి, కారోపై లోహాజిమి యొద్ద 55 మీటర్ల యెత్తున ఒకటి, రెండు మట్టికట్టలు కట్టి, రెండు జలాశయములను కాలువతో కలిపి, 710 మెగావాట్ల విద్యుత్తు నుత్పత్తి చేయవలెనని సంకల్పము. మొదట ఇది బీహారు ప్రభుత్వపు పథకము. 1973 నాటికి రూపురేఖలు సిద్ధమైనవి. 1980లో నేషనల్ హైడ్రోఎలక్ట్రిక్ పవర్ కార్పొరేషన్ అను కేంద్రప్రభుత్వసంస్థ దీనిని స్వీకరించెను. మునుగునవి 256 గ్రామములని ప్రజాసంఘము లెక్కించెను; ప్రభుత్వపు లెక్క దీనికంటె చాల తక్కువ. సంఘపు లెక్కలో ఇండ్లు పొలములతోపాటు 152 సర్నాలు కూడ చేరియుండెను. ప్రభుత్వపు లెక్కకు ఆ పట్టికయే లేదు. ఇరుపక్షముల భేదము ఈ పట్టికలలోననే స్పష్టమగుచున్నది.

ఆరంభమున గ్రామములవారు పథకమును సంపూర్ణముగా నిరాకరింపలేదు. వారు మొదట అడిగినది లెక్క. ఎన్ని ఊళ్ళు మునుగును, ఎవరి భూమి యెంత, పోయినదానికి బదులుగా ఏమి, ఎచ్చట ఇత్తురు అను ప్రశ్నలకు స్పష్టమైన సమాధానము దొరకలేదు. 1894 నాటి భూసేకరణ చట్టము వ్యక్తి పేర నున్న భూమికి వెలకట్టును. ఖూంట్‌కట్టి గ్రామమున అడవి, బీడు, ససన్, సర్నా ఏ వ్యక్తి పేరనులేవు. చట్టపుభాషలో అవి వెలలేనివి, గ్రామపుభాషలో వెలకట్టరానివి. ‘వెలలేనిది’ యను నొక్కమాటకే రెండు విపరీతార్థములు కలుగు నిట్టి సందర్భమున బేరము కుదురుట దుర్లభము.

రెండు నదులవద్దను మొదట వేఱ్వేఱు సమితులు పనిచేసినవి. 1976లో అవి కలిసి కోయెల్–కారో జనసంఘటన్ అను నొక్క సంఘముగా నేర్పడినవి. ఈ కలయిక సామాన్యమైనది కాదు. ఒక తీరమువారు ముఖ్యముగా ఉరావులు, ఖరియాలు. వేఱొక తీరమువారు ముండాలు. కొందఱు సర్నాధర్మమువారు, కొందఱు క్రైస్తవులు. వీరిగాక ఆదివాసేతరులును కలరు. ఇంతటి భేదములుగల వారిని కలిపినది నూతనమైన సిద్ధాంతమేదియుకాదు. గ్రామసభ, దానిపై పఢాసభ యను పాతమెట్లపైననే కొత్తసంఘము నిలిచెను. నాయకులలో పఢాపెద్దలును, సైన్యమున పనిచేసి తిరిగివచ్చినవారును ఉండిరి. మొదటివారికి గ్రామముల మాట తెలియును. రెండవవారికి ప్రభుత్వపు నడవడి తెలియును.

1977–78లో సంఘము ‘కామ్ రోకో’, అనగా పని ఆపుడు, అను నుద్యమమును సాగించెను. రోడ్లు, గిడ్డంగులు మొదలగు ప్రాథమికనిర్మాణములు నిలిచిపోయెను. మాతో కలిసి భూమిని సరిగా కొలువుడు, తరువాత కట్టుడు అనునదే అప్పటి కోరిక. 1984లో ప్రభుత్వము సాయుధపోలీసులను ఆ ప్రాంతమునకు పంపెను. గ్రామస్థులు వారితో పోరాడలేదు. వారికి నీరీయలేదు, వంటకు కట్టెలీయలేదు, తమ పొలములలో అడుగు పెట్టనీయలేదు. స్త్రీలు ముందునిలిచి ఈ బహిష్కారమును నడపిరి. దెబ్బ కొట్టని ప్రజలపై దెబ్బ కొట్టుటకు కారణము దొరకక బలగములు తిరిగిపోవలసివచ్చెను. ఆ యేటనే సుప్రీంకోర్టు బలవంతముగా ఖాళీచేయింపరాదని ఉత్తర్వు చేసెను. గ్రామపుదారిపై అడ్డుగడను నిలిపి, పథకపు ఉద్యోగులు అనుమతిలేక లోనికి రాకుండ కాపలా కాయుట ఈ ఉద్యమమున నొక ముఖ్యాంగము.

ఈ దశలో సంఘమువారు ప్రభుత్వముముందుంచిన కోరిక యొకటి విశేషముగా గమనింపదగినది. కోయెల్ వైపు ఒక గ్రామమును, కారో వైపు ఒక గ్రామమును మాదిరిగా మఱియొకచోట నిలిపి చూపుడని వారడిగిరి. ఇండ్లు, పొలములు మాత్రమేగాక, ఆ గ్రామముయొక్క సామాజికజీవనము, సర్నా, ససన్ కూడ కొత్తచోట నెలకొనవలెను. అవి నెలకొనినచో తక్కిన గ్రామముల మాట ఆలోచింపవచ్చును. ఇది పైకి చూచుటకు మెత్తని కోరిక. పునరావాసము సాధ్యమని ప్రభుత్వము చెప్పుచున్నది. కావున చేసి చూపుమనుట న్యాయమే. కాని ఇందలి కాఠిన్యము లోతుగా నాలోచించిననే తెలియును. సర్నా అనగా ఊరు పుట్టకముందునుండి యున్న అడవిలో నఱుకక మిగిల్చిన భాగము. దానిని నాటుటకు వీలులేదు. ససన్ అనగా పూర్వుల అస్థులమీది రాయి. రాతిని బండిపై కొనిపోవచ్చును. ఈ నేలను మొదట సాగుచేసినవారు వీరే యను సాక్ష్యమును కొనిపోవ వీలులేదు. మాదిరిగ్రామములు వెలయలేదు. పునరావాసమను మాటకు ప్రభుత్వమిచ్చిన యర్థమెంత యిఱుకో ప్రభుత్వముచేతనే ఒప్పించిన ప్రశ్న యిది. ఈ ఉద్యమచరిత్రలో సభలకంటెను, ఊరేగింపులకంటెను ఈ ప్రశ్నయే ప్రధానమని నా యభిప్రాయము.

1995లో పథకమునకు మరల కదలిక వచ్చెను. జూలై 5వ తేదీన నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేయునని నిర్ణయమయ్యెను. ముఖ్యమంత్రిగా నుండగా భూసంస్కరణలకు పూనుకొన్న తెలుగునేత చేతులమీదుగా ఈ శిల నిలుపబడవలసియుండుట మనకు స్మరణీయము. గ్రామములవారు జనతాకర్ఫ్యూను ప్రకటించి, దారులపై కాపలాలు నిలిపిరి. వేలకొలది ప్రజలు చేరిరి. శంకుస్థాపన జరుగలేదు, ప్రధానమంత్రి పర్యటన రద్దయ్యెను. పూర్వుల రాళ్ళున్నచోట ప్రభుత్వపు రాయి నిలువలేదు.

దీనితో కథ సుఖాంతమైనదని తలపరాదు. 2000 నవంబరు 15న, బిర్సా జన్మదినమున, జార్ఖండ్ ప్రత్యేకరాష్ట్రముగా నేర్పడెను. ఆదివాసుల చిరకాలవాంఛ నెఱవేఱినదని సంతోషించిన మూడుమాసములలోపలనే, 2001 ఫిబ్రవరి 1న, పోలీసులు దేరాంగ్ గ్రామమువద్ద నున్న అడ్డుగడను తొలగించి కొనిపోయిరి. మఱునాడు తప్‌కరా పోలీసు ఠాణాయెదుట ప్రజలు గుమిగూడి, దానిని తిరిగి నిలుపవలెనని యడిగిరి. అప్పుడు జరిగిన కాల్పులలో ఎనిమిదిమంది మరణించిరి. తమ రాష్ట్రమను పేరు వచ్చినంతమాత్రమున గ్రామమునకును రాజ్యమునకును గల సంబంధము మాఱదని ఆ దినము తెలిపెను. 2003లో ముఖ్యమంత్రి అర్జున్ ముండా ప్రభుత్వము పథకమును విడిచిపెట్టుచున్నట్లు తెలిపెను. మృతుల స్మృత్యర్థము తప్‌కరాలో ఏటేట ఫిబ్రవరి 2న ప్రజలు సమావేశమగుదురు.

ఈ పథకము ప్రజాప్రతిఘటనవలననే ఆగినదా, వ్యయభారమువలన ఆగినదా యని ప్రశ్నింపవచ్చును. కాలము గడచినకొలది వ్యయపు అంచనాలు పలుమడుగులు పెరిగిన మాట నిజము. విద్యుత్తు ధర గిట్టునా యను సందేహము సంస్థవారికే కలిగియుండవచ్చును. కాని ఆ కాలము గడచుటకు కారణమేమి? 1976 నుండి పనిని నిలిపినది గ్రామసంఘమే. కావున రెండు కారణములను వేఱుచేయుట సరికాదు. మొదటిదే రెండవదానిని పుట్టించెను. మఱియొక ఆక్షేపణ కూడ కలదు: ఆనకట్ట లేకపోవుటవలన ఆ ప్రాంతమునకు విద్యుత్తు, ఉద్యోగములు, రోడ్లు దూరమైనవని. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ఆ గ్రామములనుండి యువకులు పనికై దూరదేశములకు వలసపోవుచుండుట వాస్తవము. అయితే, జలాశయమునుండి పుట్టు విద్యుత్తు మునిగిన ఊరికి వెలుగునిచ్చుననుట అనుభవవిరుద్ధము. మన దేశమున ఆనకట్టలచే స్థానభ్రష్టులైనవారిలో ఆదివాసులపాలు వారి జనసంఖ్యకు మించినదనుట సర్వసమ్మతము.

ఇప్పుడు మన గోదావరిని జూతము. పోలవరమువద్ద ఆనకట్ట తలంపు మద్రాసు ప్రభుత్వకాలమున, 1941 ప్రాంతమున, రామపాదసాగరమను పేరుతో మొదలైనది. 1981లో ముఖ్యమంత్రి టి. అంజయ్య శంకుస్థాపన చేసిరి. 2004 తరువాత పనులు సాగినవి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము దీనిని జాతీయపథకముగా ప్రకటించెను. ఖమ్మము జిల్లాలోని ఏడు మండలములకు చెందిన ముంపుప్రాంతములు ఆంధ్రప్రదేశ్‌లో చేర్చబడెను. ముంపుగ్రామములలో నివసించువారు ముఖ్యముగా కోయలు, కొండరెడ్లు. కొండరెడ్లనుగూర్చి హైమెన్‌డార్ఫ్ 1945లోనే గ్రంథమును వెలువరించెను. వీరును సభలు జరిపిరి, కోర్టుల నాశ్రయించిరి. ఐనను పని ఆగలేదు. రెండు ప్రాంతముల ఫలితము ఇట్లు వేఱగుటకు కారణములు పెక్కులు: పథకపు పరిమాణము, మైదానపు రైతుల నీటియవసరము, రాజకీయబలము. వీనితోపాటు చరిత్రకు సంబంధించిన కారణమొకటి కలదు.

గోదావరీ ఏజెన్సీయందు 1879 నాటి రంపతిరుగుబాటు తరువాతను ముఠాదారీపద్ధతి కొనసాగెను. 1917 నాటి ఏజెన్సీ చట్టమును, 1959 నాటి రెగ్యులేషనును, దానిని సవరించిన 1970 నాటి రెగ్యులేషనును గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతికి పోకుండ కాపాడుటకు చేయబడినవి. ఇవి మేలైనవే. కాని ఇవి ప్రధానముగా భూమి చేతులు మాఱుటను నిషేధించుచున్నవి. ఊరిని నిలిపిన వంశముల సమష్టిహక్కును ప్రత్యేకముగా పేర్కొని గుర్తించినవి కావు. అమ్మువానినుండి కాపాడుట వేఱు, తీసికొను రాజ్యమునుండి కాపాడుట వేఱు. ఛోటానాగపూర్‌లో బిర్సా కాలపు రక్తపాతమువలన 1908లో రాతిహక్కు చట్టమున కెక్కెను. కొండరెడ్ల పోడునకును, అడవికిని అట్టి యక్షరరూపము ఆ కాలమున లభింపలేదు. దేశమంతటను అడవిపై సాముదాయకహక్కును గుర్తించు చట్టము 2006లోగాని రాలేదు. అప్పటికి పోలవరపు పనులు ప్రారంభమైయుండెను. ఆదివాసి తిరుగుబాటులలో ఓడినవికూడ చట్టమున మిగిల్చిన జాడనుబట్టి తరువాతి తరములకు ఆయుధములగునని ఈ పోలికవలన తెలియుచున్నది.

ఐనను చట్టమే సర్వమని చెప్పుట యుక్తముకాదు. 1908 నాటి చట్టమున్న ఛోటానాగపూర్‌లోననే గనులకును, కర్మాగారములకును ఎన్నియో గ్రామములు ఖాళీయైనవి. కోయెల్–కారోలో చట్టమునకు ప్రాణమిచ్చినది గ్రామసభ. గ్రామసభకు అధికారమిచ్చినది ససన్‌దిరి. రాయి, సభ, చట్టము అను మూడును ఒకచోట కూడినందువలన అచ్చటి వాదము నిలిచెను. వీనిలో ఏ యొక్కటి లోపించినను 1977లోనో, 1984లోనో అది విచ్ఛిన్నమై యుండెడిది.

కావున ఆదివాసి ఉద్యమచరిత్రను వ్రాయబూనువారు తిరుగుబాటు సంవత్సరములను, నాయకుల పేర్లను మాత్రమే సేకరించుట చాలదు. ఏ ఊరికి ఏ హద్దు, ఏ వంశమునకు ఏ రాయి, ఏ తగవు ఏ సభలో తీఱినది యను విషయములను కూడ సేకరింపవలెను. కోయ, కొండరెడ్డి గ్రామములు కొన్ని ఇప్పటికే తమ స్థానములను విడిచి కొత్తకాలనీలకు చేరినవి. అచ్చటి వృద్ధుల నోట ఊరిదేవతల పేర్లు, పొలిమేరల గుర్తులు ఇంకను నిలిచియున్నవి. వానిని వ్రాసికొనుట తెలుగు పరిశోధకుల విధి. వారి యూళ్ళకు నీటిక్రింద మిగులబోవు పట్టా అంతకంటె వేఱొకటి లేదు.